నాలుగో వారం క్రాపు

ఉగాది సభలో ఒక మిత్రులు మా తలకేసి చూసి, "డాక్టరు గారూ, క్రాపు ఎక్కడ చేయించారండీ?" అని అడిగారు. చేయించి అప్పటికి అయిదు వారాలైందంటే నమ్మలేదు. అందుకే ఈ నెల మందుల సంగతి పక్కన పెడుతున్నాము.

2022లో మా నాన్నగారు పోయినప్పుడు ఇంటికి వెళ్ళి కర్మ చేసి, గుండుతోనే తిరిగొచ్చి డ్యూటీలో చేరాము. వార్డులో ఒక ముసలావిడ మా చెయ్యి పట్టుకుని, "నీకూ కీమో ఇస్తున్నారా నాయనా?" అని అడిగింది. కాదన్నాము. మరి ఎందుకో చెప్పబోతే గొంతు పెగల్లేదు.

ఆ జుట్టు పెరిగేటప్పుడే క్రాపు రహస్యం బోధపడింది. తల వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడినెత్తిన అయిదు సెంటీమీటర్లున్న చోట ఆ ఒక్కటీ ఎవరికీ ఆనదు. చెవుల పైన సెంటీమీటరే ఉంటే నెల తిరిగేసరికి రెట్టింపు! మొదటి వారం పెళ్ళికొడుకులా ఉన్నవాడు నాలుగో వారానికి ఒలవని కొబ్బరికాయ అయ్యేది ఇందుకే. గుండు మీద అంతటా ఒకే కొలతన పెరిగి, మూడో నెలకి మా తల అచ్చం కదంబపువ్వు.

అప్పుడు దొరికాడు మా ఊరి ముసలి బార్బరు. నడినెత్తి ముట్టుకోనేలేదు. చెవుల చుట్టూ, మెడ వెనకా దువ్వెన మీద కత్తెర ఆడించి పంపేశాడు. సగం పనికి పూర్తి డబ్బులా అని గొణుక్కున్నాము. నెల్లాళ్ళు పోయాక అద్దం చూసుకుని నోరు మూసుకున్నాము.

కాబట్టి కుర్చీలో కూర్చుని "కొంచెం పొట్టిగా" అని ఊరుకోకండి. మెడ వెనక అడ్డంగా గీత పెట్టవద్దనండి. వారంలో గీత కింద మొలకలొచ్చి మాసినట్టుంటుంది. కిందికి పోనుపోను పలచబడి చర్మంలో కలిసిపోవాలి. సుడి ఎక్కడుందో చూపించండి. అక్కడ మరీ పొట్టిగా కోస్తే వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. పడుకునేంత పొడుగు వదలమనండి. (రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు. అది మా శాఖ కాదు.)

మంగళ, శుక్రవారాలు ఇంట్లో ఒప్పుకోరు. ఆది, సోమవారాలు ఆయన షాపు మూత. మిగిలిన మూడు రోజుల్లో మాకు డ్యూటీలు. ఆరు వారాలకొకసారి కుదిరితే గొప్పే.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆ గుండు ఎందుకని ఆయనే అడిగాడు. ఈసారి చెప్పగలిగాము. కత్తెర ఆపి, చివరిదాకా విన్నాడు.

మిత్రులకి ఆయన నంబరిచ్చాము. సోమవారం మాత్రం వెళ్ళవద్దన్నాము.