రెండు కార్డుల కెమెరా

శ్రావణమాసం ముహూర్తాలు దగ్గరపడితే మా గన్నవరంలో కల్యాణమండపం, వంటవాళ్లు, సన్నాయిమేళం కుదిరిన తరువాత మిగిలే బేరం ఫొటోగ్రాఫరుతోనే. అక్కడ పెళ్లికూతురి తండ్రిగారు అడిగే ప్రశ్న ఒక్కటే: "మీది ప్రొఫెషనల్ కెమెరాయేనా? ఎన్ని మెగాపిక్సెళ్లు?" వరుడి జీతం వాకబు చేసినంత శ్రద్ధగా అడుగుతారు. అంకె పెద్దదయితే తృప్తి.

నేతికి ఆగ్‌మార్కు వున్నది గాని, కెమెరాకు అటువంటి ముద్ర వేసే ప్రభుత్వశాఖ యేదీ లేదు. కంపెనీలవారు తమ సరుకుకు తామే పెట్టుకునే బిరుదు అది. ఇక అంకె సంగతి. 1999లో నికాన్ వారు డీ1 అనే కెమెరా తెస్తే పత్రికల ఫొటోగ్రాఫర్లు దానిని కళ్లకద్దుకున్నారు. అది 3 మెగాపిక్సెళ్లకు లోపే! ఇవాళ మా కాలేజీ కుర్రవాళ్ల జేబుల్లో ఫోన్లకే 50 వుంటున్నవి.

మెగాపిక్సెళ్ల కంటె ముందు చూడవలసినది లోపల వెలుతురు పట్టే సెన్సారు పలక. పెద్ద కెమెరాలలో అది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. ఫోనులో చిటికెనవేలి గోరంత. చూరునీళ్లకు గంగాళం పెట్టడానికీ గ్లాసు పెట్టడానికీ తేడా వుంటుంది గదా! అర్ధరాత్రి లగ్నంలో ఆ తేడా తెలుస్తుంది.

అయితే పెద్ద పలక డబ్బున్నవాడెవడైనా కొనుక్కోవచ్చు. వృత్తిలో వున్నవాడికి కావలసింది మన్నిక. ఒక్కో పెళ్లికి మూడువేల ఫొటోలు తీస్తాడనుకోండి. చిన్న కెమెరా షట్టరుకు చెప్పే ఆయుర్దాయం లక్ష. అంటే ముప్పైమూడు పెళ్లిళ్లు. 2020లో వచ్చిన కానన్ 1డీఎక్స్ మార్క్ 3కి అయిదు లక్షలు చెప్పారు. (2021 నాటి నికాన్ జడ్9లో అసలు ఆ తలుపే తీసేశారు. అరిగే గొడవే లేదు!) జల్లు పడితే నీళ్లు దిగకుండా రబ్బరు పట్టీలు వుంటవి. మన డెల్టా ఉక్కకు మాత్రం అవి చాలవు. తడి సంచిలో వదిలేస్తే యెంత ఖరీదు లెన్సుకయినా బూజు పడుతుంది.

ఇవన్నీ ఒక యెత్తు, కార్డులు ఒక యెత్తు. ఆరవ నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజుపలకలు వేలకొద్దీ ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ వున్నవి. మన పెళ్లి యావత్తూ వుండేది తపాలాబిళ్లంత కార్డులో. అది ఒక్కొక్కప్పుడు చెప్పాపెట్టకుండా చెడుతుంది. మా బంధువులింట పెళ్లిలో అలాగే అయింది. జీలకర్రా బెల్లం, తలంబ్రాలు అన్నీ పోయినవి. పెళ్లికొడుకును మళ్లీ పీటలమీద కూర్చోబెట్టి తలంబ్రాలు పోయించి తీశారు, నవ్వుకున్నారు కూడాను. కాని ఆనాడు పట్టుచీర కట్టుకుని ముందువరసలో కూర్చున్న నాయనమ్మగారు మూడునెలలు తిరక్కుండానే వెళ్లిపోయారు. ఆమెవి పెళ్లినాటి ఫొటోలు ఒక్కటీ లేవు. ఆ కెమెరాలో మెగాపిక్సెళ్లకు కొదవ లేదు. వున్నది ఒకే కార్డు.

రెండు కార్డులకు చోటున్న కెమెరాలో ప్రతి ఫొటో ఒకేసారి రెండింటిలోనూ పడేటట్లు పెట్టుకోవచ్చు. నన్నడిగితే వృత్తివారి కెమెరా అనిపించుకోవడానికి మొదటి గుర్తు అదే. కొందరు ఫొటోగ్రాఫర్లు చోటు వుండి కూడా రెండో కార్డు ఖర్చెందుకని ఖాళీగా వదిలేస్తారు. కాబట్టి బేరం నాడే కాఫీ ఇచ్చి, కెమెరా మూత తీసి చూపించమనండి. రెండు కార్డులున్నాయా, మొదటి కెమెరా మొరాయిస్తే రెండోది తెస్తారా, తీసినవి ఆ రాత్రే కంప్యూటరులోకి దించుతారా అని అడగండి. నొచ్చుకోకుండా జవాబు చెప్పినవారితో అప్పుడు డబ్బు మాట మాట్లాడవచ్చు.