బొంత ఖరీదెంత?

“పాత చీరలే కదా, ఖర్చేముంది?” నేను బొంతలు కుడతానని తెలిస్తే అందరూ అనే మాట ఇది. దాని వెనకే ఇంకోటి వస్తుంది: “దారం డబ్బులిచ్చేస్తాలే, నాకూ ఒకటి కుట్టివ్వవా?”

సరే, ఇంజినీరింగ్ వాళ్లం కదా, లెక్కేద్దాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంత. అంగుళానికో వరుస చొప్పున నిలువుగా కుడితే 48 వరుసలు, అంటే 288 అడుగుల కుట్టు. సూది నాలుగు పొరల్లోంచి దిగాలి, కింది పొర ముడతపడకూడదు. నాకు వరుసకి అరగంట పడుతుంది. మొత్తం 24 గంటలు, అంటే మూడు రోజుల పని. రోజు కూలి 500 అనుకున్నా 1500. చీరలు ఉతికి, చిరుగులు చూసి, పొరలు పరిచే పని ఇందులో లేదు. (వేలికి పడే సూదిపోట్లు ఏ పద్దులో రాయాలో!)

“ఇష్టంగా చేసేదానికి కూలేంటి?” అంటారు. ఇష్టమైతే మాత్రం 24 గంటలు 20 అవుతాయా? ప్రాజెక్ట్ రిపోర్టులో పనిగంటలకి ఖర్చు కట్టే మనమే సూదిపనికి సున్నా వేస్తాం. ఇంట్లో అమ్మమ్మలు కుట్టిన గంటల్ని ఎవరూ లెక్కపెట్టలేదు, అదే అలవాటైపోయింది.

సరదాకి కుట్టే నాకు దీనివల్ల పోయేదేం లేదు. కూలికి కుట్టే ఆడవాళ్లకే దెబ్బ. నాలాంటివాళ్లు దారం ఖరీదుకే కుట్టిస్తుంటే, వాళ్లు న్యాయమైన ధర అడిగినా ఎక్కువగానే కనిపిస్తుంది.

అందుకే నేను బొంతలు అమ్మను. కావాల్సినవాళ్లకి ఊరికే ఇస్తాను. కొనుక్కుంటామంటే కూలికి కుట్టేవాళ్ల దగ్గరికి పంపిస్తాను, బేరమాడొద్దని చెప్పి మరీ.