చేయనని చెప్పే హక్కు



మన వైపు ఆయుధపూజ నాడు కార్ఖానాలలో, మోటారు షెడ్లలో యంత్రాలకు పసుపు, కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొడతారు. అన్నం పెట్టే యంత్రం ప్రాణం తీయకూడదని కోరుకుంటారు. ఈ దేశంలో ఆ కోరిక చట్టంగా ఎలా మారిందో ఈసారి మన శీర్షికలో చెప్పదలచుకున్నాను.

టొరంటోలో యార్క్ మిల్స్ సబ్‌వే స్టేషన్‌లో ఒక పెద్ద క్విల్టు, మన బొంత వంటిది, కనిపిస్తుంది. 1960 మార్చి 17న అక్కడికి దగ్గరలోనే, హాగ్స్ హాలోలో, డాన్ నది అడుగున నీటి గొట్టం కోసం తవ్వుతున్న సొరంగంలో నిప్పంటుకుని ఐదుగురు కూలీలు చనిపోయారు. ఐదుగురూ ఇటలీ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. వారి జ్ఞాపకార్థం 2010లో ఆ క్విల్టు పెట్టారు.

పనిలో దెబ్బ తగిలినవారికి పరిహారం ఇచ్చే చట్టం ఒంటారియోలో 1914లోనే వచ్చింది. కాని పరిహారం చెయ్యి తెగిన తరువాతి మాట. అసలు తెగకుండా చూడవలసింది ఎవరన్న ప్రశ్న హాగ్స్ హాలో తరువాత గట్టిగా వినిపించింది. ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసి, చట్టాలను కొంత బిగించింది.

అయినా పనివాడి మాటకు విలువ వచ్చింది 1970ల లోనే. 1972లో సస్కాచవాన్ దారి చూపింది. ఒంటారియోలోని ఎలియట్ లేక్ యురేనియం గనులలో రాతి ధూళితో, కాన్సర్‌తో మనుషులు రాలిపోతుంటే 1974లో కార్మికులు సమ్మె చేశారు. అప్పుడు వేసిన జేమ్స్ హామ్ కమిషన్ 1976లో నివేదిక ఇచ్చింది. 1979 అక్టోబరు 1 నుంచి కొత్త చట్టం అమలయింది. దానితో పనివారికి మూడు హక్కులు దక్కాయి: పనిలో ఉన్న ప్రమాదం ఏమిటో తెలుసుకునే హక్కు, భద్రత విషయంలో పాలుపంచుకునే హక్కు, అపాయం ఉందనిపించిన పనిని చేయనని చెప్పే హక్కు.

నా ఉద్దేశంలో మనవాళ్లకు కష్టమైనది మూడోదే. పై అధికారికి ఎదురు చెప్పడం మర్యాద కాదని పెరిగినవాళ్లం. ఇప్పుడు మన పండుగలకు వచ్చే విద్యార్థులలో చాలామంది రాత్రిళ్లు వేర్‌హౌసులలో, హోటలు వంటిళ్లలో పనిచేస్తున్నారు. యంత్రానికి గార్డు లేకపోయినా, ట్రెయినింగు ఇవ్వకుండా ఫోర్క్‌లిఫ్టు ఎక్కమన్నా, పని పోతుందేమో, పర్మిట్‌కు ఇబ్బంది వస్తుందేమో అని నోరు మెదపరు.

ఆ మౌనం ఎంత ఖరీదైనదో 2009 డిసెంబరు 24న టొరంటోలో చూశాం. ఒక అపార్ట్‌మెంటు బాల్కనీలు బాగుచేస్తుండగా, తాళ్లతో వేలాడదీసిన పరంజా పదమూడో అంతస్తు దగ్గర విరిగింది. దాని మీద ఆరుగురుంటే రక్షణ తాళ్లు రెండే. నలుగురు మరణించారు, ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. తాడు సరిగా కట్టుకున్న ఒక్కరు క్షేమంగా బయటపడ్డారు. వీళ్లూ వలస వచ్చినవాళ్లే. తప్పు వాళ్లది కాదు. తాళ్లు చాలవని తెలిసీ పని సాగనిచ్చిన ప్రాజెక్టు మేనేజరుకు 2016లో మూడున్నరేళ్ల జైలుశిక్ష పడింది. 1992లో నోవా స్కోషియాలోని వెస్ట్‌రే బొగ్గుగనిలో 26 మంది చనిపోయాక, 2004లో అమలులోకి వచ్చిన నేరచట్టం సవరణ ఇటువంటి శిక్షలకు దారి సుగమం చేసింది.

ఒంటారియోలో ఈ హక్కును వాడుకునే పద్ధతి కష్టమేమీ కాదు. “ఇది అపాయం, అందుకని చేయను” అని వెంటనే సూపర్‌వైజరుతో చెప్పాలి. ఇంటికి వెళ్లిపోకుండా, దగ్గరలోనే క్షేమమైన చోట ఉండాలి. కార్మికుల ప్రతినిధి ఎదుట ఆయన పరిశీలించాలి. అప్పటికీ అపాయం ఉందనడానికి తగిన కారణం ఉంటే కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు వస్తారు. చట్టప్రకారం నడుచుకున్నందుకు పనిలోంచి తీసేయడం, జీతం కోయడం నేరం. పోలీసు, అగ్నిమాపక, ఆసుపత్రి ఉద్యోగాలకు కొన్ని పరిమితులున్నాయి. బ్యాంకులు, విమానాలు, రైళ్లలో పనిచేసేవారికి కేంద్ర చట్టం వర్తిస్తుంది. ఈ హక్కు అందులోనూ ఉంది.

బతికుంటే బలుసాకు తినవచ్చునన్నారు పెద్దలు. ఒక షిఫ్టు పోతే ఇంకొకటి దొరుకుతుంది. ఈ పండక్కి మీ ఇంటికి భోజనానికి వచ్చే కొత్త పిల్లలకు పులిహోరతోపాటు ఈ మూడు హక్కుల సంగతీ వడ్డించండి.