కీమో వార్డులో ఫార్మసిస్టు ఏరీ?



జీర్ణకోశ క్యాన్సర్లకు కీమో ఇచ్చే ప్రతి ఆస్పత్రిలోనూ, రోగి మింగే మందులన్నీ ఒకచోట పెట్టి చూసే క్లినికల్ ఫార్మసిస్టు తప్పనిసరిగా ఉండాలి. ఒక రోగి ఇంటి మనిషిగా ఈ మాట రాస్తున్నాను.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక మా అన్నయ్యకు మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ డ్రిప్‌లో ఎక్కించి, కెపెసిటబిన్ మాత్రలు ఇంటికి రాసిచ్చారు. పద్నాలుగు రోజులు రెండు పూటలా తిన్న అరగంటలోపు వేసుకోవాలి, తర్వాత వారం ఆపాలి. అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్. ఏళ్ల తరబడి ఫెనిటోయిన్ వాడుతున్నాడు. రెండో కోర్సు నడుస్తుండగా గోడ పట్టుకుని నడవడం మొదలైంది. మాట ముద్దగా వచ్చేది. కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్లడానికి చెయ్యి తడబడేది. కీమో నీరసమే అన్నారు అందరూ. ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికి సూది వేశాడు. చివరికి న్యూరాలజిస్టు రక్తపరీక్ష చేయిస్తే ఫెనిటోయిన్ ఒంట్లో మితిమీరి పేరుకుపోయిందని తేలింది. కెపెసిటబిన్‌తో కలిస్తే అలా జరగొచ్చని ఆ మందు పెట్టెలోని కాగితమే చెబుతోంది, చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో.

ఓపీ బయట ఎంతమంది కూర్చుని ఉంటారో చూసినవాళ్లకు డాక్టర్ల మీద కోపం రాదు. కానీ మందులన్నీ కలిపి చూసే పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా! గుండె కవాటం మార్చుకున్నవాళ్లు వార్ఫరిన్ వాడుతుంటే, కెపెసిటబిన్ మొదలయ్యాక రక్తస్రావం ప్రాణం మీదికి రావొచ్చు. బలం మాత్రల్లోని ఫోలిక్ యాసిడ్ కెపెసిటబిన్ దుష్ప్రభావాలను పెంచవచ్చు. విరేచనాలు రోజుకు మామూలు కంటే నాలుగైదు ఎక్కువైతే మాత్రలు ఆపి ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. కోర్సు మధ్యలో ఆపకూడదన్న భయంతో మింగుతూనే పోయేవాళ్లున్నారు. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు, వెంటనే వెళ్లాలి. తెల్లకణాలు పడిపోయినప్పుడు వచ్చిన జ్వరం ఒక్క రాత్రిలో మనిషిని తీసుకుపోగలదు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన రోజుల్లో ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టయి ఊపిరాడదేమోనని భయం వేస్తుంది. ముందే చెబితే గోరువెచ్చని నీళ్లతో తప్పిపోయే బాధ అది.

ఇవి చిన్న విషయాలు కావు. 1993లో జపాన్‌లో అక్కి జబ్బుకు సోరివుడిన్ అనే కొత్త మందు వచ్చింది. 5-ఎఫ్‌యూ (ఫ్లోరోయురాసిల్) జాతి కీమో మందులు వాడుతున్న క్యాన్సర్ రోగులు దాన్ని కూడా వేసుకున్నారు. 5-ఎఫ్‌యూను ఒంట్లో విరిచేసే ఎంజైమును ఆ మందు అడ్డుకుంది. కొన్ని వారాల్లోనే కనీసం 15 మంది చనిపోయారు. కెపెసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఆ 5-ఎఫ్‌యూగానే.

ఈ పనికి మనుషులు దొరకరన్న మాట మన రాష్ట్రాల్లో చెల్లదు. 2008లో మన దేశంలో ఫార్మ్‌డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదువు మొదలైంది. ఆరేళ్ల చదువులో చివరి ఏడాది ఆస్పత్రి వార్డుల్లోనే. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఆ కాలేజీలు ఎన్నో ఉన్నాయి. అంత చదివిన పిల్లలు తమ చదువుకు తగ్గ పని దొరక్క వేరే కొలువులు వెతుక్కుంటున్నారు. మందులిచ్చేటప్పుడు రోగికి అన్నీ వివరించాలని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు ఉండనే ఉన్నాయి. మందుల షాపు కౌంటరు దగ్గర స్ట్రిప్పు కత్తిరించి కవర్లో వేసి ఇవ్వడం తప్ప ఇంకేం జరుగుతోందో పాఠకులకు వేరే చెప్పాలా?

ఖర్చు మాట ఎత్తుతారు. మందు వికటించి ఐసీయూలో చేరిన రోగికయ్యే ఖర్చూ లెక్కలోకి రావాలి కదా. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కీమో ఇచ్చే ఆస్పత్రులకు ప్రభుత్వాలు ఒక షరతు పెట్టాలి. మొదటి కోర్సుకు ముందు ఫార్మసిస్టు రోగి ఇంటి నుంచి తెచ్చిన మందుల సంచీ మొత్తం తెరిపించి చూడాలి, ఆయుర్వేదం పొడులు, షుగరు, బీపీ మాత్రలతో సహా. ఏది ఆపాలో, ఏ లక్షణం కనిపిస్తే ఎప్పుడు రావాలో పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసివ్వాలి. రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఆ కాగితం మీదే ఉండాలి. ఇది జరిగాకే ఆ కోర్సు బిల్లు మంజూరు చెయ్యాలి.

ఇట్లు
ఒక రోగి చెల్లెలు,
తెనాలి