డిస్కులు మార్చే ముందు

నేను ఇంగ్లీషు మీడియం వాడిని. తెలుగు రాయడం అరవై దాటాక నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి.

1984లో ఖోబర్ వచ్చినప్పుడు నాకు తెలుగు ఉత్తరం చదవడం రాదు. అందుకని అమ్మ టేప్‌రికార్డర్ ముందు కూర్చుని మాట్లాడి, ఊరి నుంచి వచ్చేవాళ్ల చేత కేసెట్లు పంపేది. మొత్తం 41, అన్నీ గంట కేసెట్లు. ఇప్పుడు నాకు తెలుగు పాఠాలు అవే. కంప్యూటర్‌లోకి ఎక్కించాక, బూజు పట్టాయని కేసెట్లు పారేశాను.

ఆ ఫైళ్లు ఇంట్లో పాత నాస్ పెట్టెలో ఉండేవి. నాలుగు డిస్కులు, ఒక్కోటి 2 టీబీ. రెయిడ్ 5 కాబట్టి వాడుకోవడానికి 6 టీబీ. అది నిండిపోయింది. దేనితో? సెలవు రోజుల్లో కాజ్‌వే దాటి మనామాలోని శ్రీనాథ్‌జీ గుడికి సేవకు వెళ్తాను. అక్కడ జన్మాష్టమికి వీడియోలు తీస్తాను. వాటిని ఎవరూ రెండోసారి చూడరు, నాతో సహా.

4 టీబీ డిస్కులు నాలుగు కొన్నాను. "ముందు కాపీ తీయాలా?" అని నాతో సేవ చేసే కుర్రాణ్ణి అడిగాను. "రెయిడ్ ఉంది కదా అంకుల్" అన్నాడు.

ఈ మాట నమ్మకండి. రెయిడ్ 5లో ఒక డిస్క్ పోతే తట్టుకుంటుంది. కానీ మార్చడం అంటే ఆ ఒక్క డిస్కునీ మన చేత్తో మనమే తీసేయడం. కొత్తది నిండేదాకా గంటల తరబడి మిగిలిన మూడూ మొదటి నుంచి చివరిదాకా చదవాలి. ఆ మూడూ ఒకేరోజు కొన్నవి, ఒకే దుమ్ము తిన్నవి. ఇలా నాలుగు సార్లు. నాలుగోది అయ్యేదాకా పెరిగిన జాగా కనిపించదు కూడా.

నాకు రెండోసారే మరో పాత డిస్క్ మొరాయించింది. తీసేసిన డిస్కులను చెరపలేదు కాబట్టి ఒక మెకానిక్ చాలావరకు తీసి ఇచ్చాడు. మూడు కేసెట్లు రాలేదు. అమ్మ ఇప్పుడు లేదు.

ఇంకో సంగతి. కొనేటప్పుడు "సీఎంఆర్" రకమే అడగండి. "ఎస్ఎంఆర్" డిస్కుల్లో గీతలు మన పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. రెయిడ్‌లో అది చాలా నెమ్మది.

అయినా నా అసలు తప్పు డిస్కులది కాదు. 41 కేసెట్లూ కలిపి రెండున్నర జీబీ కూడా లేవు. తాళంచెవుల గుత్తికి తగిలించే పెన్‌డ్రైవ్‌లో పడతాయి! జాగా చాలదని గోల పెట్టానే గానీ, ఆ జాగాలో ఏముందో ఎప్పుడూ చూసుకోలేదు. మీరు కొత్త డిస్క్ కొనే ముందు ఒక సాయంత్రం కూర్చుని, మళ్లీ దొరకనివి ఏవో ఏరి, వేరే ఊళ్లో ఒక కాపీ పెట్టండి. వీడియోల సంగతి తర్వాత.

నేను మిగిలిన 38 రాజమండ్రిలో అక్కకి పంపాను. మొన్న ఫోన్ చేసింది.

"ఒరేయ్, పదకొండో కేసెట్ నిండా అమ్మ నన్నే తిట్టింది. ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేంరా?"