గజానికి 81 వేలు సరే, భట్టీ లెక్క ఎవరు రాస్తారు?

ఆదివారం పొద్దున మా ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఫజర్ నమాజ్ అయ్యి రాగానే అమ్మీ స్టీల్ డబ్బా చేతిలో పెడుతుంది. "ఆరు కుల్చాలు, నహారీలో జబాన్ వేయించుకుని రా." పురానీ హవేలీ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇది కొత్త కాదు. ఇక్కడి నాలుగు మూలల నాన్ కోసం టోలీచౌకీ నుంచి కూడా బండ్ల మీద వస్తారు. 1851 నుంచి నడుస్తోందని చెప్పుకునే మున్షీ నాన్ ఈ రోడ్డుదే. ఇప్పుడు ఇదే రోడ్డు మీదుగా మెట్రో వస్తోంది.

ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయెరా, శాలిబండ, ఫలక్‌నుమా. నిజానికి ఫలక్‌నుమా వరకు లైన్ మొదటి దశలోనే ఉండాల్సింది. 2017 నవంబర్‌లో నగరానికి మెట్రో వచ్చింది, 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. మూసీ దాటలేదు. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన అయ్యింది. రోడ్డు 100 అడుగులు చేస్తారు, స్టేషన్ల దగ్గర 120.

మెట్రో వద్దని నేను అనను. మా చెల్లెలు కోచింగ్ కోసం అమీర్‌పేట వెళ్లి రావడానికి రోజూ మూడు గంటలు పోతున్నాయి. పాతబస్తీకి ఏదీ రాలేదని ఇన్నేళ్లు మనమే కదా అడిగింది! మసీదులు, ఆషుర్‌ఖానాలు, మందిరాల జోలికి వెళ్లకుండా పిల్లర్లు సర్దుతామని మెట్రో అధికారులు చెప్పారు. మంచిదే. నా ప్రశ్న వేరే.

మొదట అధికారులు చెప్పిన లెక్కలో పోయే ఆస్తులు సుమారు 1,100. పరిహారం గజానికి 81,000 రూపాయలు, కట్టడానికి విడిగా. 2025 జనవరి నుంచి చెక్కులు ఇవ్వడం మొదలైంది. 50 గజాల మలిగీ పోతే భూమికి 40 లక్షల 50 వేలు. ఈ డబ్బు ఎవరిది? యజమానిది. ఆ మలిగీలో ముప్పై ఏళ్లుగా పాయా వండుతున్నవాడు కిరాయిదారు. ఎప్పుడో పగిడీ కట్టి దిగాడు. నగదుగా ఇచ్చాడు, రసీదు లేదు. ఇచ్చినవాడు, తీసుకున్నవాడు ఇద్దరూ మట్టిలో కలిసిపోయిన కేసులూ ఉన్నాయి.

బీకాంలో మాకు గుడ్‌విల్ అని ఒక పాఠం ఉండేది. దుకాణంలో కుర్చీలు, గిన్నెలు అన్నీ అమ్మేశాక కూడా మిగిలే విలువ అది. జనం ఆ తలుపు దగ్గరికే వస్తారన్న నమ్మకం. హోటల్‌కి అసలు ఆస్తి అదే. కొలతలు తీసేవాళ్ల టేపుకు అది దొరకదు.

చట్టం మాత్రం కిరాయిదారుని పూర్తిగా వదిలేయలేదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు మూడేళ్ల ముందు నుంచి అక్కడే పని చేస్తూ ప్రధాన జీవనోపాధి కోల్పోయే కుటుంబం కూడా బాధిత కుటుంబమే, సొంత భూమి లేకపోయినా. స్థానం కోల్పోయిన చిన్న వ్యాపారికి ఒక్కసారి ఇచ్చే సాయం కనీసం 25,000. నాన్ మాస్టర్‌కి, ఇద్దరు పోరగాళ్లకి ఒక నెల జీతం ఇస్తే అందులో ఏమీ మిగలదు. "కనీసం" అన్న మాట చట్టంలో ఉంది కాబట్టి ప్రభుత్వం పెంచొచ్చు. మన నాయకులు గజం ధర గురించి మాట్లాడినంత గట్టిగా దీని గురించి మాట్లాడితే బాగుండు.

రెండో మాట, పనివాళ్లు. చాలా హోటళ్లలో రాత పూర్వకంగా ఎవరూ ఉండరు. హాజరు పట్టీ లేదు, పీఎఫ్ లేదు. మూడేళ్ల నుంచి ఇక్కడే ఉన్నానని తందూర్ ముందు చేతులు కాల్చుకున్నవాడు ఎలా రుజువు చేస్తాడు? ఇది ప్రభుత్వం తప్పు ఒక్కటే కాదు, మనదీ. కిరాయి రసీదులు, ట్రేడ్ లైసెన్సు, ఫుడ్ లైసెన్సు, కరెంటు బిల్లులు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టుకోండి. బిల్లు యజమాని పేరు మీద ఉన్నా, మీరు కట్టిన రుజువు దాచుకోండి.

మా గల్లీ మలుపులో నహారీ హోటల్ చాచా బండ్లగూడ వైపు ఒక షాపు చూసి వచ్చాడు. కిరాయి తక్కువే. "అక్కడ ఫజర్‌కి నహారీ అడిగేవాడు ఎవడు బేటా? పదింటికి దోసె అడుగుతారు" అన్నాడు. కాగితాలు చూపించమన్నాను. ప్లాస్టిక్ కవర్లోంచి ట్రేడ్ లైసెన్సు తీశాడు. అది ఇంకా పన్నెండేళ్ల క్రితం పోయిన వాళ్ల అబ్బా పేరు మీదే ఉంది. సోమవారం ఇద్దరం సర్కిల్ ఆఫీసుకు వెళ్తున్నాం.