పాత నోటుకు దొంగపాట

ట్రాక్టరు బొమ్మ అయిదు రూపాయల నోటుకు లక్షలొస్తాయని ఫోనులో చూసి, నోటు జేబులో పెట్టుకుని ఎల్.బి.నగర్‌లో బస్సు దిగి దిల్‌సుఖ్‌నగర్ దాకా వాకబు చేయదలచిన గ్రామస్థులు ఒక సంగతి గ్రహించవలసి ఉంది. అంత విరివిగా చలామణీ అయిన నోటు అరుదైనదెలా అవుతుంది?

సంతలో దళారి తన మనిషి చేతనే బేరం పెంచించినట్లు, ఆన్‌లైన్ వేలంలో అమ్మేవాడే మారుపేరుతో పాట పెంచవచ్చు. సంతలోనైతే ముఖమైనా కనబడుతుంది! ఆ పాడినవాడు డబ్బు కట్టడు. అంకె మాత్రం ఊరూరా తిరుగుతుంది. నమ్మి నోటు అమ్మబోయినవారినే ముందుగా పన్ను, కమీషన్ కట్టమంటారు. తన పేరుతో ఇలా వసూలు చేస్తున్నారని, తాను ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ ప్రకటన పల్లెలకు చేరనే లేదు.

మోసపోయినవారు వెంటనే 1930కి ఫోను చేయాలి. ఈ నంబరును ఎల్.బి.నగర్ బస్‌స్టాపులో పెద్ద అక్షరాలతో రాయించడం పోలీసులకు భారమేమీ కాదు.